లచ్చమ్మ చెయ్యి పెట్టిన పరేడ్

1949 వేసవి. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. నేను అప్పుడు సికింద్రాబాద్‌లో ఒక మెజిస్ట్రేట్ కోర్టులో బెంచ్ క్లర్కును. బెంచ్ క్లర్కు అంటే మెజిస్ట్రేట్ గారి బల్లకు దిగువన కూర్చుని, కేసులు పిలిపించి, కాగితాలు అందించి, సాక్షి చెప్పింది ఆయనకు అర్థమయ్యేలా చెప్పి, ఆయన ఎవరిమీదో విసుక్కుంటే ఆ విసుగంతా పడేవాడు. జీతం తక్కువ, మాటలు ఎక్కువ. నాకు మాటలంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. అందుకని ఆ ఉద్యోగం నచ్చింది.

మాటలకు ఆ రోజుల్లో కరువు లేదు కూడా. నిజాం కోర్టుల్లో పాత కాగితాలన్నీ ఉర్దూ. కొత్తగా మద్రాసు వైపునుంచి వచ్చిన అధికార్లకు ఉర్దూ అలిఫ్ ముక్క రాదు, వాళ్ళకన్నీ ఇంగ్లీషులో కావాలి. బోనెక్కే సాక్షులేమో తెలంగాణ పల్లెలవాళ్ళు. మా నాన్న గుంటూరు జిల్లానుంచి వచ్చి ఇక్కడి మిషన్ స్కూల్లో మాస్టారుగా స్థిరపడ్డాడు. నేను ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, గల్లీలో ఉర్దూ మాట్లాడుతూ పెరిగాను. అందుచేత "జీవరత్నాన్ని పిలవండి" అన్న కేక ఆ కోర్టులో రోజంతా వినబడేది.

మా ఇల్లు పరేడ్ గ్రౌండ్‌కు దగ్గర. పరేడ్ అన్న మాట నేను అమ్మ, నాన్న అన్న మాటల వెంటనే నేర్చుకుని ఉంటాను. తెల్ల సోల్జర్లు కవాతు చేస్తే పరేడ్. ఆదివారం వాళ్ళే బ్యాండు మేళంతో వరసగా గుడికి నడిచి వెళ్తే అది చర్చి పరేడ్. మా డ్రిల్లు మాస్టారు గోళ్ళు చూడడానికి మమ్మల్ని ఎండలో నిలబెడితే అదీ పరేడే. మా అక్కకు పెళ్ళిచూపులని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి టిఫిన్లు తినిపోతుంటే, అమ్మకు ఒళ్ళు మండి "ఇంకెన్ని పరేడ్లు చేయించమంటారయ్యా నా పిల్లతో!" అని నాన్నను నిలదీసింది. యుద్ధాలు చేసేవాళ్ళ మాట అలా మా వంటింటి దాకా వచ్చేసింది. నాకు మాత్రం పరేడ్ అంటే బూట్ల చప్పుడు, ఇత్తడి బాకాలు, మైదానం అంచున పల్లీలు అమ్మేవాళ్ళు. అందులో భయపడాల్సింది ఏమీ కనబడలేదు.

కోర్టుకు వచ్చాక ఆ మాటకు ఇంకో అర్థం తెలిసింది. ఐడెంటిఫికేషన్ పరేడ్. పాత ఉర్దూ గుమాస్తాలు షనాఖ్త్ పరేడ్ అనేవారు. నేరం చేశాడని అనుమానమున్న మనిషిని అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మరికొందరితో కలిపి జైల్లో వరసగా నిలబెడతారు. సాక్షి ఆ వరస ముందు నడిచి, నేరం చేసినవాడు అందులో ఉంటే అతని మీద చెయ్యి పెట్టాలి. పోలీసులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మెజిస్ట్రేట్ దగ్గరుండి చూసి, చూసింది చూసినట్టు రాసుకోవాలి. చెప్పుకోవడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. నేను కూడా అలాగే అనుకున్నాను.

ఇక కేసు. పోలీసు చర్యకు కొంత ముందు, సికింద్రాబాద్‌నుంచి రైలెక్కి దిగి నడిచిపోయే ఒక పల్లె మీద రజాకార్లు పడ్డారు. ఇళ్ళు దోచారు, గడ్డివాములు తగలబెట్టారు. అడ్డం వచ్చిన మల్లయ్య అనే రైతును ఆయన ఇంటి ముందే చంపేశారు. ఆయన భార్య లచ్చమ్మ దాన్ని కళ్ళారా చూసింది. వచ్చినవాళ్ళలో ఒకడు ముందు నడుస్తూ, ఏ ఇంట్లో ఏముందో వేలు పెట్టి చూపించాడని ఊరంతా చెప్పింది. వాళ్ళ మొహాలు దగ్గరగా చూసింది మాత్రం లచ్చమ్మ ఒక్కతే. ప్రతి ఇల్లూ అంత బాగా తెలిసిన బయటి మనిషి ఎవరా అని పోలీసులు ఆలోచించారు. గాజులమ్మేవాడు అయి ఉంటాడని తేల్చారు. ఊళ్ళో ఎవరినీ మళ్ళీ అడగకుండానే ఖాజామియాను తెచ్చి జైల్లో వేశారు.

ఖాజామియా సికింద్రాబాద్ మనిషే. తండ్రి కాలంనుంచీ గాజుల మలారం భుజాన వేసుకుని ఆ వైపు పల్లెలన్నీ తిరిగేవాడు. మలారం అంటే తాళ్ళకు గుచ్చిన గాజుల మూట. కల్లోలం మొదలయ్యాక దారులు మంచివి కావని ఆ వైపు పోవడమే మానేశాడు. పోలీసు చర్య రోజుల్లో ప్రాణభయంతో గడ్డం కూడా తీయించుకున్నాడు. అప్పుడు అలా తీయించుకున్నవాళ్ళు ఎందరో. పోలీసులు దాన్నీ తప్పుగానే పట్టారు. "దాక్కునే ఉద్దేశం లేకుంటే గడ్డం ఎందుకు తీశాడు?" అన్నారు. గడ్డం ఉన్నవాళ్ళను ఆ రోజుల్లో ఏం చేస్తున్నారో వాళ్ళకు తెలియదా? నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పరేడ్ రోజు నేను మెజిస్ట్రేట్ గారితో జైలుకు వెళ్ళాను. ఆయన మద్రాసు వైపునుంచి వచ్చినవాడు. మంచివాడు, లంచం అంటే మండిపడేవాడు, నియమం తప్పేవాడు కాదు. ఆ రోజు కూడా అన్నీ పద్ధతిగానే చేయించాడు. గడ్డాలు లేని ఖైదీలను ఏరించాడు, అందరికీ ఒకే రకం బట్టలు ఇప్పించాడు. ఎక్కడ నిలబడతావో నువ్వే చూసుకోమని ఖాజామియాతో నాచేత చెప్పించాడు. అతను వరసకు సగంలో పోయి నిలబడ్డాడు.

"సాబ్, నేనేం చెయ్యలే. ఇంట్ల బీమార్ మనిషున్నది. జెర జల్ది చూడమను సాబ్" అన్నాడు నాతో.

"సాక్షి వస్తుంది. నువ్వు మాట్లాడకు, కదలకు. అంతే" అన్నాను.

"ఎవరొస్తున్నరు సాబ్?"

అది చెప్పకూడదు. చెప్పలేదు. ఆ ఊళ్ళో ఖూనీ జరిగిందని మాత్రమే అతనికి తెలుసు, చచ్చిపోయింది ఎవరో అతనికి ఎవరూ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది.

లచ్చమ్మను తీసుకొచ్చారు. సన్నటి మనిషి, సగం నెరిసిన జుట్టు. ముతక చీర కొంగు తల మీదినుంచి కప్పుకుంది. నేను ఆమెకు తెలిసే మాటల్లో చెప్పాను. "అవ్వా, ఆ దినం మీ ఇంటి మీదికొచ్చినోళ్ళు గీ వరసల ఎవరన్న ఉంటే చెయ్యి పెట్టు. లేకుంటే లేరని చెప్పు. నిన్ను ఎవరేమనరు."

"అట్లనే కొడుకా" అంది. గొంతులో వణుకు లేదు. భర్తను చంపినవాళ్ళను పట్టుకోవాలనే వచ్చిన మనిషి ఆమె. ఒక్కొక్కరి ముందూ ఆగి, తలెత్తి మొహంలోకి చూసి, పక్కకు జరుగుతూ వచ్చింది.

అలా ఖాజామియా ఎదుటికి వచ్చింది. వరసలో తక్కిన అందరూ ఆమె మొహం చూశారు, లేదా నేల చూశారు. ఖాజామియా ఒక్కడే ఆమె చేతుల వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కదలొద్దన్నానని కదలలేదు, మాట్లాడొద్దన్నానని మాట్లాడలేదు. కళ్ళవెంట నీళ్ళు మాత్రం ధారగా కారాయి. లచ్చమ్మ కొంగుతో అతని కళ్ళు తుడిచింది. తుడిచి, చెంప మీద చెయ్యి అలాగే ఉంచింది. నోట్లో నోట్లో ఏదో అంది.

"చాలు. గుర్తించింది" అన్నారు మెజిస్ట్రేట్ గారు. జైలరు వెంటనే ఆమె భుజం పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి తీసుకుపోయాడు. చెయ్యి పడ్డాక సాక్షిని ఆ వరస ముందు ఉండనివ్వకపోవడం మా పద్ధతి. అవీ ఇవీ మాట్లాడుకుంటారని భయం. ఆమె వరస చివరిదాకా వెళ్ళనే లేదు.

నేను కాగితాలు సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అయిపోయిందా కొడుకా? అటు పక్క నిలబడ్డోళ్ళను నేను సూడనే లేదు గద!"

"చెయ్యి పెట్టినవు గద అవ్వా."

"ఎవ్వల మీద?"

"ఆ ఏడ్చినాయన మీద."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏమంటున్నానో అర్థం కాగానే రెండు చేతులతో తల బాదుకుంది.

"ఓరి నాయనో! వాడు మా గాజుల ఖాజా గదరా! వాడెందుకొస్తడు నా ఇంటి మీదికి? నేను కాపురానికొచ్చిన కాడికెల్లి వాని తండ్రీ వాడూ ఏసిన గాజులే నా చేతులకు. మా ఆయన పోయిండని వానికెవ్వరు చెప్పలేదు కొడుకా. నా ఉత్త చేతులు సూసి ఎరుక చేసుకున్నడు. నిలబడ్డ కాడనే ఏడుస్తుంటె కండ్లు తుడిచిన. ఏడువకు బిడ్డా అన్న. అది సుత తప్పేనా?"

గాజులవాడు మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. చెయ్యి చూసి కొలత చెప్పేస్తాడు, ఆ ఇంట్లో పెళ్ళయిందో, పురుడొచ్చిందో, చావొచ్చిందో చెయ్యే అతనికి చెబుతుంది. ఇది నాకూ తట్టలేదు. మా అమ్మకు, అక్కకు గాజులు వేసేవాణ్ణి గుమ్మంలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో! అయినా తట్టలేదు.

పరుగున మెజిస్ట్రేట్ గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కలం ఆపి, చివరిదాకా విన్నారు.

"జీవరత్నం గారూ, పరేడ్ అయిపోయిందండీ. అయ్యాక వరండాలో సాక్షి మీతో ఏం చెప్పినా నేను రాయకూడదు. ఇవాళ రాస్తే రేపటినుంచి ప్రతి సాక్షినీ వరండాలో ఎవరో ఒకరు పట్టుకుంటారు."

"ఆమెనెవరూ పట్టుకోలేదు సార్. తనంతట తనే చెప్పింది."

"అయితే కోర్టులో చెప్పనివ్వండి. నిజం ఎక్కడికీ పోదు."

"నిజం పోదు సార్. ఈ లోపల మనిషి పోతాడు."

నా గొంతు పెరిగింది. ఇంకొకరైతే ఉద్యోగం ఊడగొట్టేవారు. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అతను ఏడ్చాడు. ఆమె చెయ్యి వేసింది. రెండూ నేను చూశాను. చూసింది రాశాను. అంతకంటే నేనేం చేయనండీ?" అన్నారు. నియమం ప్రకారం ఆయనదే సరి. ఆయన రాసినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతను కంటనీరు పెట్టుకున్నాడని కూడా నిజాయితీగా రాశారు. పై కోర్టులో సర్కారు వకీలు ఆ కన్నీళ్ళనే పశ్చాత్తాపం అన్నాడు.

ఖాజామియాకు జామీను దొరకలేదు. కేసు విచారణకు రావడానికి ఏడాది దాటింది. అతని భార్య జబ్బుమనిషి, ఇంట్లో ఉన్న గాజులన్నీ వచ్చిన ధరకు తెగనమ్మి, లాలాగూడలో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తన తమ్ముడి పంచన చేరింది. అన్నిటికంటే ఘోరమేమిటంటే, చెయ్యి పడ్డ మనిషి ఒకడు దొరికాడు కదా అని అసలువాళ్ళ కోసం వెతకడం ఎవరికీ పట్టలేదు. మల్లయ్యను చంపినవాళ్ళు ఏ ఊళ్ళో ఏ పేరుతో బతికారో దేవుడికే తెలియాలి.

విచారణ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. లచ్చమ్మ బోనెక్కి వరండాలో నాతో చెప్పిందే ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. సర్కారు వకీలు లేచి ఆమెను హోస్టైల్ సాక్షిగా ప్రకటించమన్నాడు. తనను పిలిపించిన పక్షానికే ఎదురు తిరిగిన సాక్షి అని దాని భావం. అదీ యుద్ధంలో పుట్టిన మాటే, శత్రువు అని. మొగుణ్ణి పోగొట్టుకుని న్యాయం కోసం పల్లెనుంచి వచ్చిన ఆడమనిషి, ఆ మాటతో సర్కారుకు శత్రువైపోయింది.

"ఖాజామియా తరఫువాళ్ళు నీకు ఎంత ముట్టజెప్పారు?" అని అడిగాడు వకీలు.

"ఏందయ్యా ముట్టేది? నా మొగణ్ణి సంపినోని కోసం నేను అబద్ధమాడుతనా? సంపినోళ్ళను దెచ్చి నిలబెట్టు, సెప్పుతోని కొడుత. వీడు గాదు. వీడు గాదంటె ఇనరేంది మీరు!"

ఖాజామియాను వదిలేశారు. నిర్దోషి అని కాదు, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద. అంటే, చేశాడో లేదో తేలలేదు కాబట్టి ఈసారికి పొమ్మనడం. ఆ తీర్పు విని నేను సంతోషించాను. నా తెలివి అంత మాత్రమే. అనుమానం అతనితోపాటే జైలునుంచి బయటికి వచ్చిందనీ, లచ్చమ్మ వెంట రైలెక్కి ఆమె ఊరికి కూడా పోయిందనీ నాకు తర్వాత గాని తెలియలేదు.

తెలిసింది చాలా ఏళ్ళకు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే నా భార్య కరుణ గాజులు కొనాలంటే జనరల్ బజార్‌కు వెళ్ళాం. ఆమె టీచరు, బేరాలంటే మహా సరదా. ఒక చిన్న డబ్బా కొట్టు ముందు ఆగి, ఎర్ర గాజులు ఏరుకుని, వెయ్యమని చెయ్యి చాపింది. కొట్టాయన ఆ చెయ్యి ముట్టుకోలేదు. సబ్బు ముక్క, నీళ్ళ గిన్నె ముందుకు జరిపి "మీరే ఏసుకోండమ్మా" అన్నాడు.

"ఇదేం బేరమండీ! గాజులాయన వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?" అంది కరుణ నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతే నా గొంతు విని తలెత్తాడు. "సాబ్, మీరు మాట్లాడొద్దు, కదలొద్దు అన్న సాబ్ గదా?" అన్నాడు. గడ్డం మళ్ళీ పెరిగింది, తెల్లగా.

ఎలా ఉన్నావని అడిగాను. ఎలా ఉంటాడు! బయటికి వచ్చాక మలారం కట్టుకుని పాత ఊళ్ళకు పోయాడట. జైల్లో పరేడ్‌లో లచ్చమ్మ ఇతని మీద చెయ్యి పెట్టిందన్న కబురు ముందే పోయి కూర్చుంది. ఆ తర్వాత కోర్టులో ఆమె చెప్పింది ఎవరూ నమ్మలేదు. ఆడవాళ్ళు గాజులు చూసి కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నారట. చేతులు అందివ్వని ఊళ్ళో గాజులవాడు ఏం చేస్తాడు?

"లచ్చమ్మ కనబడిందా?" అని అడిగాను.

"ఒక్కసారి పోయిన సాబ్. ఊరోళ్ళు ఆమెతోని మాట్లాడుత లేరు. మొగణ్ణి అమ్ముకొని ఒచ్చింది అంటున్నరంట. సొంత మరిది సుత పొయ్యిల నిప్పు ఇయ్యడంట. గడప ముందల కూసున్నది. నన్ను సూడంగనే రెండు చేతులు కొంగు లోపలికి పెట్టుకున్నది. ఏందవ్వా అన్న. 'నా చెయ్యి తాకితె నువ్వు జైల్ల వడ్డవు బిడ్డా. ఇగ నేను ఎవ్వల్ని ముట్ట' అన్నది. పొయ్యొస్త అని లేస్తే ఎప్పుడూ నెత్తి మీద చెయ్యి పెట్టేది సాబ్. ఆ దినం పెట్టలే."

మరుసటేడు ఆమె పోయిందని కూడా చెప్పాడు. కరుణ నెమ్మదిగా తన చెయ్యి మళ్ళీ ఆయన ముందు పెట్టింది. "మీరే వెయ్యండి భాయీ" అంది. ఆయన కుర్తాకు చేతులు తుడుచుకున్నాడు, ఒక గాజు అందుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. "మాఫ్ చెయ్యమ్మా. అలవాటు తప్పింది" అన్నాడు.

ఆ కేసు తర్వాత నేను ఇంకా ఎన్నో పరేడ్లకు వెళ్ళాను. జైలు గేటు దగ్గరే మెజిస్ట్రేట్లను బతిమాలేవాణ్ణి. సాక్షిని వరస చివరిదాకా నడవనివ్వండి సార్, చెయ్యి పెడితే ఇతన్ని నువ్వెక్కడ చూశావని అక్కడే ఒక మాట అడగండి సార్ అని. కొందరు విన్నారు. కొందరు నీ పని నువ్వు చూసుకోమన్నారు. రిటైరయ్యేదాకా ఆ నస మానలేదు. కోర్టులో నాకు 'వరండా జీవరత్నం' అని పేరు కూడా పెట్టారు, పెట్టుకోనీ.

ఇప్పటికీ జనవరిలో పరేడ్ గ్రౌండ్ బాకాల చప్పుడు మా ఇంట్లోకి వినబడుతుంది. పరేడ్ చూద్దాం రమ్మని పక్కింటివాళ్ళు పిలుస్తారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒకే వరస, అందులో ఒక మనిషి కళ్ళు తుడుస్తున్న లచ్చమ్మ కనబడుతుంది. ఆమె చెయ్యి ఎవరి మీద పడిందో మేము జాగ్రత్తగా రాసుకున్నాం. ఎందుకు పడిందని ఆమెను అక్కడే ఒక మాట అడిగి ఉంటే సరిపోయేది. మాలో ఒక్కరూ అడగలేదు.